అద్దాలు, లైవ్ వీడియోతో ఇన్‌స్టలేషన్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇన్‌స్టలేషన్ అంటే ఒక గదినో చోటునో మొత్తంగా కళాకృతిలా అమర్చడం, చూసేవాళ్లు అందులోకి నడిచి వెళ్తారు. అద్దాలు, లైవ్ వీడియోతో నేను చేసేవి అలాంటివే.

అపోహ: అద్దం కుడిఎడమల్ని తారుమారు చేస్తుంది.

చేయదు. తూర్పు వైపున్న చెయ్యి ఎత్తితే అద్దంలోనూ తూర్పు వైపు చెయ్యే లేస్తుంది. తిరగబడేది ముందూ వెనకా మాత్రమే. కెమెరా అలా కాదు, ఎదుటివాళ్లు మనల్ని చూసినట్టే చూపిస్తుంది. అద్దం పక్కనే మానిటర్ పెట్టి, అందులో మిమ్మల్ని చూసుకుంటూ చెదిరిన జుట్టు సర్దుకోబోండి, చెయ్యి తప్పు వైపుకి పోతుంది. వీడియో కళాకారుడు పీటర్ కాంపస్ 1972లో చేసిన 'ఇంటర్‌ఫేస్' అనే ఇన్‌స్టలేషన్‌లో ఒకే గాజు పలక మీద మీ ప్రతిబింబమూ మీ లైవ్ వీడియో కూడా ఉంటాయి. మీరు కదిలేకొద్దీ అవి కలుస్తాయి, విడిపోతాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: వీడియో ఆలస్యంగా వస్తే అది లోపమే.

కోరి పెట్టుకున్న ఆలస్యం మాకు, చిత్రకారుడికి రంగులాంటిది. డాన్ గ్రాహమ్ అనే కళాకారుడు 1974లో అద్దాల గదిలో కెమెరా, మానిటర్ పెట్టి వీడియోని 8 సెకన్లు ఆలస్యంగా చూపించాడు. ఎదుటి అద్దంలో ఆ మానిటర్ కూడా కనిపిస్తుంది కదా, దాన్ని కెమెరా మళ్లీ పట్టుకుంటుంది, అంటే మానిటర్ లోపలి మానిటర్‌లో 16 సెకన్ల కిందటి మీరు, దాని లోపల 24 సెకన్ల కిందటి మీరు. అద్దంలో మాత్రం ఇప్పటి మీరే.

కోరని ఆలస్యం వేరు. కెమెరా, కంప్యూటర్, ప్రొజెక్టర్ తలా ఒకట్రెండు ఫ్రేముల (వీడియోలోని ఒక్కో బొమ్మ) సమయం తినేస్తాయి, సెకనుకు 30 ఫ్రేముల లెక్కన ఒక్కోటి సుమారు 33 మిల్లీసెకన్లు. కొలవడం సులువే: ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపి కెమెరా ముందు పట్టుకుని, ఆ ఫోనూ తెరా రెండూ వచ్చేలా ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి. రెండు అంకెల తేడాయే మీ ఆలస్యం.

అపోహ: ఒకవైపు నుంచే కనిపించే అద్దం ప్రత్యేకమైన గాజు.

పల్చటి పూత వేసిన మామూలు గాజే అది, రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది. అసలు పని వెలుగుది. మీ వైపు వెలుగు ఎక్కువుంటే అద్దం, అవతల లైటు పెంచితే కిటికీ. అందుకే నేను అద్దాల కంటే, లైటు వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ల దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను.

అపోహ: ఖరీదైన పరికరాలుంటేనే ప్రభావం.

కళాకారుడు బ్రూస్ నౌమన్ 1970లో ఒక ఇన్‌స్టలేషన్‌కి వాడింది ఇరుకైన కారిడార్, ఒక కెమెరా, చివర ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు మానిటర్లు. ఒకదాంట్లో ఖాళీ కారిడార్ ముందే రికార్డు చేసిన టేపు, రెండోదాంట్లో లైవ్. కెమెరా ఉండేది మీ వెనక, ప్రవేశం దగ్గర, పైన. మిమ్మల్ని మీరు చూసుకుందామని ఆత్రంగా ముందుకు నడుస్తారు, తెరలో మీ వీపు మీ నుంచి దూరంగా పోతూ ఉంటుంది. తీరా తెర చేతికందేంత దగ్గరికి చేరేసరికి అందులో మీరొక చిన్న ఆకారం, ముఖం లేకుండా.