గాజు పోగులో వంతులు

చిరంజీవులైన బుజ్జమ్మకూ, చిన్నోడికీ తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా.

బుజ్జమ్మా, సంక్రాంతికి వచ్చినప్పుడు కరెంటు స్తంభం మీంచి మనింట్లోకి దిగిన ఏపీ ఫైబర్‌నెట్ తీగను చూపించి, "టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ ఇందులోనే వస్తే ఒకదాంతో ఒకటి కలిసిపోవా తాతయ్యా?" అని అడిగావు. పండగ హడావిడిలో సరిగా చెప్పలేకపోయాను. 30 ఏళ్లు టెలిఫోను లైన్లతోనే గడిపినవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడటం నాకు నచ్చలేదు.

ఆ నల్ల తొడుగు లోపల ఉన్నది 125 మైక్రాన్ల మందం గాజు పోగు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెలుగు నడిచేది దాని నడిమధ్యన, 9 మైక్రాన్ల మేరలో. మనకు వచ్చే మాటలు, అంటే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను సమాచారమంతా, 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగు మీద వస్తాయి, మన దగ్గర్నుంచి వెళ్లేవి 1310 మీద వెళ్తాయి. ఆ కొలతే వెలుగు రంగును తెలుపుతుంది. రెండు టార్చిలైట్లను అడ్డదిడ్డంగా వేసి చూడండి, ఒక వెలుగులోంచి ఇంకోటి చెదరకుండా దాటిపోతుంది. గాజులోనూ దాదాపు అంతే. అయితే ఈ రెండు రంగులూ కంటికి ఆనవు. అందుకే తెగి వేలాడే తీగ కొసలోకి ఎప్పుడూ తొంగి చూడకండి. ఏమీ కనబడటం లేదంటే అందులో వెలుగు లేదని అర్థం కాదు.

ఫైబర్‌నెట్ వాళ్ల కేంద్రంలో, ఇళ్లకు మాటలు పంపి, ఇళ్ల నుంచి అందుకునే ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న భాగం ఉంటుంది, దానికి కరెంటే అక్కర్లేదు. అది వెలుగును 32 ఇళ్లకు పంచిందనుకోండి, ఒక్కో ఇంటికి ముప్పైరెండో వంతు వెలుగు అందుతుంది. మాటలు మాత్రం అందరివీ అందరికీ వస్తాయి! ఆ మాటలను ముక్కలు చేసి పంపుతారు, ప్రతి ముక్క మీదా అది ఎవరిదో తెలిపే సంఖ్య ఉంటుంది. మనింట్లో తీగ కొసన ఉన్న పెట్టె మనవి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. మనవి పక్కింటి పెట్టె చదవలేకుండా రహస్య లిపిలోకి మార్చి పంపుతారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్టు ముక్కలు ఒకే వరసలో నడుస్తాయి, ఫోను ముక్కలకు ముందు దారి ఇస్తారు. ఆలస్యంగా వచ్చిన మాట ఎవరికీ పనికిరాదు కదా.

అసలు చిక్కంతా ఇళ్ల నుంచి వెళ్లే మాటల దగ్గరుంది. 32 ఇళ్లూ 1310 రంగునే వాడాలి, ఇద్దరు ఒకేసారి పలికితే రెండూ పాడవుతాయి. కాబట్టి వంతులు. మన కాలువ కింద నీళ్లు వంతులవారీగా వదలడం చూశారుగా. తూము దగ్గరి పొలానికి ఇట్టే పారతాయి, శివారు పొలానికి చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఎవరికి ఎంత సమయం పడుతుందో లస్కరుకు తెలియకపోతే వంతులు తారుమారవుతాయి. వెలుగుకు గాజులో కిలోమీటరు దాటడానికి 5 మైక్రోసెకన్లు, అంటే సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో 5 వంతులు, పడుతుంది. ఒక కిలోమీటరు దూరంలోని ఇంటికీ, పదో కిలోమీటరులోని ఇంటికీ మధ్య తేడా 45 మైక్రోసెకన్లు. మీకది ఏపాటిదీ కాదనిపించవచ్చు, కానీ ఆ వ్యవధిలో 50 వేలకు పైగా బిట్లు, అంటే సున్నా, ఒకటి అంకెలు, పంపొచ్చు. అందుకని ఓఎల్‌టీ ప్రతి కొత్త పెట్టెనూ ముందు పలకరిస్తుంది, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది, దగ్గరివాళ్లను కాస్త ఆగి పలకమంటుంది. అప్పుడిక ఇళ్లన్నీ సమాన దూరంలో ఉన్నట్టే.

ఈ వంతుల లెక్క సెకనుకు 8000 సార్లు నడుస్తుంది. ఆ సంఖ్య చూస్తే నాకు మా పాత రోజులు గుర్తొస్తాయి. ఫోనులో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మార్చేవాళ్లం. అలాంటి 30 మంది మాటలను వంతులు వేసి ఒకే దారిన పంపేవాళ్లం. మీ వీడియోలన్నీ ఇప్పటికీ ఆ తాళానికే నడుస్తున్నాయి.

ఇక ఊరికీ ఊరికీ మధ్య పరిగెత్తే తీగల్లో రంగులు రెండుతో సరిపోవు. 1530 నుంచి 1565 నానోమీటర్ల మధ్య, 0.4 నానోమీటర్ల ఎడంతో 80కి పైగా రంగులు పడతాయి. ఒక్కో రంగు మీద సెకనుకు 100 గిగాబిట్లు పంపితే, ఒక్క పోగులోనే 8 టెరాబిట్లు, అంటే 8000 గిగాబిట్లు! దూరం వెళ్లేకొద్దీ వెలుగు నీరసిస్తుంది. పూర్వం దాన్ని దారిలో కరెంటుగా మార్చి, మళ్లీ వెలుగుగా మార్చి పంపేవారు. 80 రంగులుంటే అలాంటి యంత్రాలు 80 కావాలి. 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, గాజులో ఎర్బియం అనే మూలకాన్ని కలిపి, దానికి వేరే లేజరుతో శక్తినిస్తే వెలుగు వెలుగుగానే పెరుగుతుందని చూపించింది. అన్ని రంగులూ ఒకేసారి పుంజుకుంటాయి. ఈ రంగమంతటిలోకీ నాకు అపురూపంగా తోచేది ఆ కొద్దిపాటి ఎర్బియం గాజే.

వేసవి సెలవులకు రండి. మన పెట్టెను ఒకసారి ఆపి, మళ్లీ వేద్దాం. కేంద్రంతో మన పెట్టె కలిసిందీ లేనిదీ తెలిపే పీఓఎన్ అని రాసిన దీపం కాసేపు మినుకుమినుకుమని, తర్వాత నిలకడగా వెలుగుతుంది. ఆ మినుకుతున్నంతసేపూ మనిల్లు ఎంత దూరమో కేంద్రంలో కొలుస్తున్నారన్నమాట.

మీ తాతయ్య