పొలం మీద సోలార్, పొలం కింద చరిత్ర: ఇంగ్లండ్ వివాదం వెనుక ఏముంది?

ఇంగ్లండ్ పల్లెల్లో సోలార్ ప్లాంటుకు దరఖాస్తు పడిందంటే ఊరివాళ్లు సాగు భూమి పోతుందని, పచ్చదనం పోతుందని గొడవ చేస్తారు. కౌంటీ పురావస్తు సలహాదారు అడిగేది వేరు: ఆ చేను కింద ఏముందో ముందు తేల్చారా? ఈ ప్రశ్న ఇంగ్లండ్‌లో నిలదొక్కుకోవడానికి నూరేళ్లకు పైనే పట్టింది. అనుమతికి ముందే తవ్వి చూడాలా, వచ్చాక చూస్తే చాలా అన్నదే ఇప్పటి వివాదం.

1882లో బ్రిటన్ తొలి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం తెచ్చి, దాని అమలుకు పురావస్తు పరిశోధకుడు పిట్ రివర్స్‌ను ఇన్‌స్పెక్టర్‌గా వేసింది. అప్పటి జాబితాలోకి ఎక్కినవి స్టోన్‌హెంజ్ లాంటి కంటికి ఆనేవే. మట్టిలో కలిసిపోయిన ఊళ్లను, శ్మశానాలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

వాటిని పట్టి చూపింది విమానం. 1925లో వైమానిక దళ అధికారి గిల్బర్ట్ ఇన్‌సాల్ స్టోన్‌హెంజ్ సమీపంలో ఎగురుతూ ఒక చేలో వలయాలుగా ఉన్న మచ్చలు గమనించాడు. తవ్వి చూస్తే అవి నాలుగు వేల ఏళ్లు దాటిన కొయ్య స్తంభాల గుంతలు. ఆ చోటునే ఇప్పుడు వుడ్‌హెంజ్ అంటున్నారు. కొయ్య ఎప్పుడో చివికిపోయింది. గుంతలో పూడిన మన్ను మాత్రం చుట్టూ ఉన్న సుద్ద నేలతో కలవలేదు. భూమిలో ఉన్న చరిత్రలో చాలాభాగం ఇంతే, మట్టి రంగులో కాస్త తేడా. పూడిన కందకం మీద తేమ నిలిచి పైరు ఏపుగా వస్తుంది, పాత గోడ మీద గిడసబారుతుంది. 2018 వేసవి ఎండలకు అక్కడి పొలాల్లో ఇలాంటి ఆనవాళ్లు ఎన్నో తేలాయి.

తర్వాత నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే మాగ్నెటోమీటర్ వచ్చింది. 1958లో వాటర్ న్యూటన్ దగ్గర రోడ్డు వెడల్పు చేయబోతుంటే, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త మార్టిన్ ఐట్కెన్ దానితో రోమన్ల కాలపు కుండలు కాల్చే బట్టీలను గుర్తించాడు. బాగా కాలిన మట్టికి అయస్కాంత గుణం అబ్బుతుంది, పరికరం దాన్నే పసిగడుతుంది.

చట్టం మాత్రం వెనకబడింది. 1979 చట్టం ప్రకారం జాబితాలోని కట్టడాన్ని ముట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంగ్లండ్‌లో అవి దాదాపు ఇరవై వేలు. కానీ 1994 నాటి ఉత్తర్వు ఒకటి, అప్పటికే దున్నుతున్న చోట దుక్కి కొనసాగించుకోనిచ్చింది. నాగలి చరిత్రను చీల్చేస్తోందని 2003లో చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ ప్రచారమే చేపట్టాల్సి వచ్చింది. సోలార్ కంపెనీలు ఇవాళ ఇదే మాట ఎత్తుకుంటాయి: మేం దుక్కి ఆపించి గడ్డి పెంచుతాం, నేలకు మేలేగా? ఇందులో నిజం లేకపోలేదు.

అసలు మలుపు పల్లెలో కాదు, లండన్‌లో వచ్చింది. 1989లో ఆఫీసు భవనం కోసం తవ్వుతుంటే షేక్స్‌పియర్ కాలపు రోజ్ థియేటర్ (1587) పునాదులు బయటపడ్డాయి. వాటిని కాపాడాలని నటులు రోడ్డెక్కారు. ఆఖరి నిమిషంలో భవనం డిజైను మార్చి పునాదులను కాపాడారు. మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన పీపీజీ 16 అనే ప్రభుత్వ ప్రణాళికా మార్గదర్శకాలు కొత్త పద్ధతి నెలకొల్పాయి: అనుమతి ఇచ్చే ముందే పరిశీలన జరగాలి, ముఖ్యమైన అవశేషాలను వీలైతే ఉన్నచోటే ఉంచాలి, ఆ ఖర్చు నిర్మాణం చేపట్టేవాడే భరించాలి. 2012 జాతీయ ప్రణాళికా విధానం ఈ ఒరవడినే కొనసాగించింది. జాబితాలో లేకున్నా అంతటి విలువ ఉన్నవాటిని జాబితాలో ఉన్నట్టే చూడాలంది.

ఈ పద్ధతి ఇళ్ల లేఅవుట్లకు, రోడ్లకు అతికినట్టు సరిపోయింది. సోలార్‌తో చిక్కు వచ్చిపడింది. వందల ఎకరాల ప్రాజెక్టులో మాగ్నెటోమీటర్ సర్వే అంతటా చేయొచ్చు. పరీక్షా కందకాలు తవ్వడం ఖరీదు, ఆలస్యం. ప్యానళ్లను నిలబెట్టే మా గుంజలు ఆక్రమించేది పిసరంత నేలే కదా, తవ్వకం అనుమతి వచ్చాక చూద్దాం అంటారు డెవలపర్లు. ఈ వాదన నాకు మింగుడుపడదు. మాగ్నెటోమీటర్‌కు అన్నీ దొరకవు. రోమన్ల తర్వాతి ఆంగ్లో శాక్సన్ల సమాధుల లాంటి చిన్న గుంతలు తరచూ తప్పించుకుంటాయి, వరద మట్టి మందంగా పేరుకుంటే కింది పొర కనిపించదు. అడుగు మందాన దుక్కి పొర, దాని కిందే అవశేషాలు. ఇనుప గుంజ మీటరున్నర, రెండు మీటర్లు దిగుతుంది. కేబుల్ కందకాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు, లారీల దారులు వేరే.

ఉపాయాలు లేకపోలేదు. గుంజలు దింపకుండా ఫ్రేములను కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టొచ్చు, కేబుళ్లను నేల పైనుంచే లాగొచ్చు, కొంత మేర ఖాళీగా వదిలేయొచ్చు. ఎక్కడ వదలాలో తెలియాలంటే మాత్రం ముందు తవ్వి చూడాల్సిందే.

ఇంకో సంగతి అంతగా చర్చకు రాదు. ప్యానళ్లు నిలబెట్టాక ఆ ఇనుము మధ్య మాగ్నెటోమీటర్ పనిచేయదు, పైనుంచి చూస్తే పైరు గుర్తులుండవు. అనుమతి నలభై ఏళ్లకు, కొన్నింటికి అరవైకి. అంతకాలం ఆ నేలను చదవడానికి దారులు దాదాపు మూసుకుపోతాయి. గడువు తీరాక గుంజలను పెకలించేటప్పుడు నేల మళ్లీ కదులుతుంది. అందుకే పురావస్తు షరతుల్లో ప్యానళ్లను బిగించే పద్ధతితో పాటు ఊడదీసే పద్ధతినీ ఇప్పుడే రాయించాలి.