ముడుపు కట్టినోళ్లు లెక్క అడగొద్దా

పశ్చిమ ఆఫ్రికాలోని మాలిలో బందీలైన మనవాళ్ల సంగతి మళ్లీ పైకి రాగానే నల్లగొండలో మళ్లీ అదే గొడవ. దేవుడి మీద భారం వేసి ఊరుకోండి, సర్కారును నిలదీస్తే వాళ్లను విడిపించడానికి నడిచే మాటలు చెడిపోతాయి అని కొందరంటున్నారు. పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమంటే తప్పేముంది అని ఇంకొందరు. వలసల పాత కథ మన జిల్లాలో అందరికీ తెలిసిందే, అందులోకి పోను. నా లెక్కలో ఇదంతా 2017 జూలై 26న లోక్‌సభలో వినిపించిన ఒక మాటతో మలుపు తిరిగింది.

2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్‌లో ఐసిస్ ఉగ్రవాదులు మన కూలీలను ఎత్తుకుపోయారు, ఎక్కువ మంది పంజాబ్ వాళ్లు. ఒకాయన తప్పించుకొచ్చి, మిగతా 39 మందిని కాల్చేశారని చెప్పాడు. ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు, బతికే ఉన్నారని తమకు సమాచారం ఉందంటూ మూడేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి సభలో గట్టిగా అడిగితే విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్, ఆధారం లేకుండా మనిషిని చనిపోయాడని ప్రకటించడం పాపం, ఆ పాపం నేను చేయను అన్నారు. ఆమె మనసులో చెడు లేదనే నమ్ముతాను. కానీ పాపం, పుణ్యం అనేవి ఇంట్లో దీపం పెట్టుకుని ఎదురుచూసే తల్లి మాటలు. మంత్రి చెప్పాల్సింది ఎక్కడ వెతికారు, ఎవరిని అడిగారు, ఏం దొరికింది అని. ఆ మాట పడ్డాక ఇంకో ప్రశ్న వేసినవాడు ఆ తల్లుల ఆశ తుంచేవాడైపోయాడు.

ఎనిమిది నెలలకు, 2018 మార్చి 20న, అదే మంత్రి రాజ్యసభలో 39 మందీ చనిపోయారని చెప్పారు. మోసుల్ పక్కనున్న బాదూష్ దగ్గర మట్టిదిబ్బ తవ్వి శవాలు తీశారు, డీఎన్ఏ పరీక్షలు చేశారు. ఇంటివాళ్లకు మాత్రం ఆ కబురు టీవీలో తెలిసింది. సభ నడుస్తున్నప్పుడు ముందు సభకే చెప్పాలన్నది సర్కారు జవాబు. నాలుగేళ్లు మొక్కులు మొక్కిన ఇంటికి ఒక్క ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 2న 38 మంది అవశేషాలతో వచ్చిన సహాయ మంత్రి వి.కె. సింగ్, వీళ్ల వివరాలు ఏ ఎంబసీలోనూ లేవు, ఏజెంట్ల ద్వారా అక్రమంగా వెళ్లారు అన్నారు. మన వాళ్లకు ఇవాళ తగులుతున్నది ఈ మాటే. 1983 వలస చట్టం కింద, పనికి పోయేవాళ్లు ముందే సర్కారు అనుమతి తీసుకోవాల్సిన దేశాలు 18. ఇరాక్ అందులో ఉంది, మాలి లేదు, అంటే మాలి పోయేవాళ్ల పేరు ఈ లెక్కలో చేరదు. పైగా పదో తరగతి పాసైనవాళ్లకు ఆ 18 దేశాలకూ అనుమతి అక్కర్లేదు. వాళ్ల పేర్లు కూడా 2019 జనవరి నుంచి తప్పనిసరిగా రాయించాలని మోసుల్ చావుల కబురు బయటపడిన 2018లోనే కేంద్రం ఆదేశం తెచ్చింది, ఆ నవంబరులోనే పక్కన పెట్టేసింది.

మాలిలో 2025 జూలై 1న కాయెస్‌లోని సిమెంట్ ఫ్యాక్టరీ మీద పడి ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లారు. నవంబరులో ఇంకో ఐదుగురు. ఎత్తుకెళ్లినవాళ్లలో మన ఉమ్మడి నల్లగొండ జిల్లా నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

గుట్టుగా పోతే పని జరిగిన సందర్భాలు లేవని కాదు. లిబియాలో పట్టుబడ్డ ఇద్దరు తెలుగు లెక్చరర్లు ఏడాది దాటాక 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. యెమెన్‌లోని ఏడెన్‌లో చిక్కిన ఫాదర్ టామ్ ఉళున్నాలిల్ ఒమన్ సాయంతో 2017 సెప్టెంబరులో వచ్చారు, ఆయన కోసం చర్చిల్లో ఎన్ని ప్రార్థనలు జరిగాయో. కానీ ఇంటివాళ్లు బేరం వివరాలు అడగడం లేదు కదా. ఫోన్ ఎత్తే ఒక ఆఫీసర్ కావాలి, వారానికోసారి ఒక మాట కావాలి. అంతే.

మా వీధిలో ఒకామె కొడుకు మాలిలోనే బోరు బండి మీద పని చేస్తాడు, క్షేమంగానే ఉన్నాడు. మొన్న అమావాస్యకు చెరువుగట్టు రామలింగేశ్వరస్వామి గుడికి పోయి ముడుపు కట్టొచ్చింది. పసుపు గుడ్డలో కొబ్బరికాయ, రూపాయి బిళ్ల, వాడి పాస్‌పోర్ట్ సైజు ఫొటో. గుడ్డ కొస మూడు ముళ్లు వేసి కళ్లు మూసుకుందట. "సామికి చెప్పేది చెప్పుకున్న బిడ్డా, సర్కారుకు మావోడు ఆడున్నడని ఎవలికి చెప్పాలె?" అని నన్నడిగింది. బమాకోలో మన ఎంబసీ ఉందని చెప్పి ఆ నంబరు ఆమె ఫోన్‌లో ఎక్కించాను, రాత్రి కొడుకు ఫోన్ చేసినప్పుడు పక్కనే కూర్చుని అక్కడ పేరు రాయించుకొమ్మని చెప్పాను. ఇలాంటిది ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదన్నా అన్నాడు.