కర్పూరం ఎందుకు కదలలేదు?

హైదరాబాద్

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం నేను స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి, వాటి మీద కర్పూరం పలుకు వేసి, అది పరుగెడుతుందని గొప్పగా చెప్తే, అది కాస్తా ఉన్నచోటే ఉండిపోయింది. మీరు ఎంత నవ్వారో నాకు గుర్తుంది. మీరు వెళ్ళాక కారణం దొరికింది కాబట్టి ఈ ఉత్తరం.

నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. లోపలి అణువును ఇరుగుపొరుగు అణువులు అన్ని వైపులా సమానంగా లాగుతుంటే, పైవరుస అణువుకు మీద నీటి తోడు లేనందువల్ల నీటి ఉపరితలం బిగించిన పొరలాగా ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. మన గదుల్లో ఉండే 25 డిగ్రీల వేడి దగ్గర, నీటి మీద 10 సెంటీమీటర్ల గీత ఉందనుకుంటే, దానికి రెండు పక్కలా సుమారు ముప్పావు గ్రాము బరువంత లాగుడు ఉంటుంది. కాగితం ముక్క మీద పెట్టి మెల్లగా వదిలిన సూది తేలేది ఈ బలంతోనే.

కర్పూరం కొద్దికొద్దిగా కరుగుతూ నీటి మీద పరుచుకుని తన పక్కన ఆ లాగుడును తగ్గిస్తుంది. పలుకు వంకరటింకరగా ఉంటుంది గనుక ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కరుగుతుంది. లాగుడు తగ్గని వైపుకు పలుకు దూసుకుపోతుంది, గిర్రున తిరుగుతుంది. మరి మొన్న? తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే పళ్ళెం సర్దాను. నూనె పొర అప్పటికే అంతటా తలతన్యతను తగ్గించేసింది. ఇక కర్పూరం చేయగలిగిన తేడా ఏముంటుంది?

ఈ కదలికను ఆపడానికి ఎంత నూనె కావాలో 1890లో ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే భౌతికశాస్త్రవేత్త కొలిచారు. మరుసటి ఏడాది ఆయనకు జర్మనీ నుంచి ఆగ్నెస్ పాకెల్స్ అనే యువతి ఉత్తరం రాసింది. కాలేజీ చదువు లేని ఆమె, ఇంటిపని చేసుకుంటూనే తొట్టిలో నీళ్ళు పోసి తలతన్యతను కొలిచింది! రేలీ ఆ ఉత్తరాన్ని 1891లోనే నేచర్ అనే సైన్సు పత్రికలో అచ్చు వేయించారు. నాకైతే ఆవిడ తొట్టే ఎక్కువ నచ్చుతుంది.

మీరు చేసేటప్పుడు పళ్ళేన్ని సబ్బుతో తోమి, నాలుగైదు సార్లు కడగండి. సబ్బు మిగిలినా ఇదే గతి. పలుకును చేత్తో కాక చీపురుపుల్లతో వేయండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి. అది జోరుగా తిరుగుతున్నప్పుడు, నూనెలో ముంచిన సూదిమొనను నీటికి ఒక మూల తాకించండి. నిన్న నేను తాకించగానే, బ్రేకు వేసినట్టు ఆగిపోయింది.

మీ నానమ్మ దేవుడి గూట్లోని కర్పూరం డబ్బా దాచేసింది. వచ్చేటప్పుడు ఒక పొట్లం తెండి.

మీ తాతయ్య