స్కేలు చెప్పే నీడ లెక్క

"పడమటి గది కిటికీకి మందపాటి తెర వేశాం. వెలుతురు పోయింది గానీ వేడి పోలేదు. బయట ఆనింగ్, అంటే కిటికీ పైన గోడకు బిగించే నీడ గుడ్డ, పెట్టించమంటున్నారు. కావాలంటే చాచుకోవచ్చు, వద్దంటే చుట్టేయవచ్చు అంటున్నారు. లోపలి తెర చేయలేని పని బయటి గుడ్డ చేస్తుందా? చేస్తే ఏ రంగుది కొనాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు.

చేస్తుంది. రంగు అంత పెద్ద విషయం కాదు. ఆవిడ అడగని ప్రశ్న ఒకటుంది: గుడ్డ గోడ నుంచి ఎంత ముందుకు రావాలి, ఎంత కిందికి దిగాలి? పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందో లేదో తేలేది అక్కడే.

ముందు తెర సంగతి. ఎండ ఎక్కడ ఇంకితే అక్కడ వేడిగా మారుతుంది. తెరను తాకేసరికి అది గాజు దాటి ఇంట్లోకి వచ్చేసింది. ముదురు రంగు తెర దాన్ని తాగి, వేడెక్కి, ఆ వేడిని గది గాలికి అప్పగిస్తుంది. తెల్ల తెర కొంత వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది కాబట్టి కాస్త నయం. ఏ రంగుదైనా, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన బాపతే. మబ్బు లేని సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో, ఒకటిన్నర చదరపు మీటర్ల పడమటి కిటికీలోంచి మామూలు గాజు గుండా దాదాపు 800 వాట్లు లోపలికి రావడం వింత కాదు. అంటే మండు వేసవిలో గదిలో చిన్న హీటరు వేసుకుని కూర్చున్నట్టే.

ఇక్కడ ఒక పక్కదారి. గాజు వెలుతురును రానిస్తుంది, వేడెక్కిన వస్తువులు వెదజల్లే, కంటికి కనిపించని పరారుణ కిరణాలను పోనివ్వదు, అందుకే గాజు గది వేడెక్కుతుందని బడిలో చెబుతారు. మొదటి రెండు ముక్కలూ నిజమే. మూడోదాన్ని 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త పరీక్షించాడు. రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు మూత, మరొకదానికి పరారుణాన్ని కూడా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అసలు కారణం వేడెక్కిన గాలి బయటికి పోలేకపోవడమే. వందేళ్లు దాటినా పాఠాలు మాత్రం మారలేదు.

సరే, నీడ. గోడకు అడ్డంగా చాచిన గుడ్డ నీడ ఎంత కిందికి దిగుతుందన్నది సూర్యుడి ఎత్తును బట్టి ఉంటుంది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో దక్షిణపు కిటికీ ఉందనుకోండి. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 60 సెంటీమీటర్ల గుడ్డ రెండు మీటర్ల నీడనిస్తుంది. డిసెంబరులో అదే సూర్యుడు 27 డిగ్రీలకు దిగిపోతే అదే గుడ్డ నీడ 30 సెంటీమీటర్లే. వద్దన్నప్పుడు ఎండను ఆపి, కావాలన్నప్పుడు వదులుతుందన్న మాట! కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్నవారికి ఈ చమత్కారం పనిచేయదు. అక్కడ జూన్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగిపోతాడు, దక్షిణపు కిటికీ మీద నేరుగా ఎండే పడదు.

ఎక్కడైనా అసలు తంటా తూర్పు, పడమరలది. ఎండ నిలువు గాజుకు సూటిగా తగిలేది సూర్యుడు కిందికి దిగినప్పుడే. 30 డిగ్రీల ఎత్తున ఎదురుగా ఉన్న సూర్యుడికి మీటరు గుడ్డ ఇచ్చే నీడ 58 సెంటీమీటర్లు మాత్రమే.

డిగ్రీలు, టాంజెంట్లు అనగానే పుస్తకం మూసేసేవారి కోసం నాకు ఎంతో ఇష్టమైన ఉపాయం చెబుతాను. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. మీకు వేడి భరించరానిదయ్యే నెలలో, ఆ కిటికీ మీద ఎండ పడే వేళ, స్కేలు ఒక కొసను కిటికీ పక్క గోడకు ఆనించి, గోడకు లంబంగా బయటికి పట్టుకోండి. రెండో కొస నీడ గోడ మీద ఎక్కడ పడిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. స్కేలు ఆనిన చోటు నుంచి ఆ గుర్తు ఎంత కిందికి ఉందో, ఎంత పక్కకు జరిగిందో కొలవండి. అంతే. సూర్యుడి ఎత్తు, దిక్కు, మీ గోడ ఎటు తిరిగి ఉంది, అన్నీ ఆ రెండు అంకెల్లోనే ఉన్నాయి.

మా పాఠకురాలు సాయంత్రం నాలుగింటికి కొలిచి రాశారు: కిందికి 18, పక్కకు 9. 18ని 30తో భాగిస్తే 0.6. అంటే బల్లపరుపుగా చాచిన గుడ్డ మీటరుకు 60 సెంటీమీటర్ల నీడనిస్తుంది. ఆవిడ కిటికీ ఎత్తు 120. పూర్తిగా కప్పాలంటే గుడ్డ రెండు మీటర్లు ముందుకు రావాలి. కిటికీ మీద అంత ఎవరు మోస్తారు?

అదే గుడ్డను వాలుగా దించితే లెక్క తిరగబడుతుంది. ముందు అంచు 80 సెంటీమీటర్లు కిందికి దిగి, గోడ నుంచి 70 మాత్రమే ముందుకు ఉందనుకుందాం. నీడ ఆ అంచు నుంచి మొదలవుతుంది: 80కి 70లో 0.6 వంతు, అంటే 42 కలిపితే 122. కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. తూర్పు, పడమరలకు గోడ మీది ఇరుసు చుట్టూ చేతులు కిందికి వాలే డ్రాప్ ఆర్మ్ రకమే ఎందుకు కావాలో ఈ ఒక్క కూడిక చెబుతుంది. ఇక పక్కకు జరిగిన 9: 70 సెంటీమీటర్ల గుడ్డకు అది 21 అవుతుంది. కాబట్టి సూర్యుడు వచ్చే వైపున గుడ్డ కిటికీ కంటే 21 సెంటీమీటర్లు వెడల్పుండాలి. కిటికీ కొలతకు సరిగ్గా కుట్టించుకున్నవారికి ఒక పక్కన ముక్కోణం ఎండ మిగిలేది ఇందుకే. ఐదు గంటలకు మళ్ళీ కొలిస్తే అంకెలు మారతాయి. మీకు ఏ వేళ ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

ఈ రేఖాగణితాన్ని పిల్లలకు స్కేలుతో, గోడతో ఎందుకు నేర్పరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నలుపు వేడిని "లాగుతుంది" కాబట్టి ముదురు గుడ్డ పనికిరాదన్నది దాదాపు మూఢనమ్మకం. ముదురు గుడ్డ వేడెక్కే మాట నిజమే, కానీ అది వేడెక్కేది ఇంటి బయట. ఆ వేడిలో చాలా భాగాన్ని గాలి తీసుకుపోతుంది. మిగిలింది 10 మైక్రాన్లకు (మిల్లీమీటరులో వందో వంతుకు) అటూ ఇటూ తరంగదైర్ఘ్యమున్న పరారుణంగా గాజు మీద పడుతుంది. ఆ తరంగాలకు గాజు గోడలాంటిది, తాను కాస్త వేడెక్కుతుంది తప్ప వాటిని నేరుగా లోపలికి పోనివ్వదు. పలచని తెల్ల గుడ్డ చల్లగానే ఉంటుంది గానీ కొంత వెలుతురును తనలోంచి జారనిస్తుంది. లేత రంగులో దట్టమైన నేత దొరికితే తీసుకోండి. కిటికీ తెరిచి ఉంచే అలవాటు ఉంటే గుడ్డకూ గోడకూ మధ్య పైన సందు వదలమనండి, లేకపోతే కింద చేరిన వేడి గాలి తిన్నగా గదిలోకి వస్తుంది.

మరి ముడుచుకునేదే ఎందుకు? మార్చి 21న, సెప్టెంబరు 22న ఆకాశంలో సూర్యుడి దారి ఇంచుమించు ఒకటే, వాతావరణం ఒకటి కాదు. బిగించేసిన నీడకు ఆ తేడా తెలియదు. రెండో కారణం గాలి. గంటకు 36 కిలోమీటర్ల గాలి రెండు చదరపు మీటర్ల గుడ్డను 12 కిలోల బరువంత బలంతో నెడుతుంది. వేగం 72 అయితే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు: దాదాపు 49 కిలోలు. గోడలో దిగిన మేకులు ఆ కుదుపులన్నీ భరించాలి. ఆనింగులకు ఉన్న యూరపు ప్రమాణం ఈఎన్ 13561లో, ఎంత గాలిని తట్టుకోవాలో చెప్పే తరగతులున్నాయి. 2వ తరగతి అంటే గాలి జోరును కొలిచే బోఫర్ట్ కొలమానంలో 5 వరకు, అంటే గంటకు 38 కిలోమీటర్ల దాకా. మోటారు పెట్టించుకుంటే గాలి సెన్సరు కూడా పెట్టించుకోండి, ఈదురుగాలి మీరు ఇంట్లో ఉన్నప్పుడే వస్తుందని ఏముంది? హ్యాండిల్ రకమైతే బయటికి వెళ్లేముందు చుట్టేయాలి. వానకు తడిసిన గుడ్డను అలా చుట్టి వదిలేస్తే బూజు పడుతుంది. ఎండ రాగానే మళ్ళీ చాచి ఆరబెట్టండి.