జీవిత బీమా అమ్మకాలు: ఏజెంట్లలో పాతుకుపోయిన అపోహలు, వాస్తవాలు

ఏజెంటు పనితనాన్ని మా వృత్తిలో చాలామంది మార్చి 31 నాటికి చేసిన పాలసీల సంఖ్యతోనే కొలుస్తారు. ఆ పాలసీలలో మూడో ఏడాది ప్రీమియం కూడా కట్టినవి ఎన్ని అన్నది నాకు అంతకంటె ముఖ్యమైన లెక్క. కొత్త ఏజెంట్లకు సీనియర్లు నేర్పే చిట్కాలలో కొన్ని మొదటి లెక్కను పెంచి, రెండో లెక్కను పాడుచేస్తున్నాయి. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మాటకారి అయితేనే బీమా అమ్మగలడు.

వాస్తవం: పాలసీ పేరు ఎత్తకముందు అడిగే ప్రశ్నలతోనే అమ్మకంలో సగం పని పూర్తవుతుంది. ఒక కిరాణా దుకాణదారుడికి ఇంటి అప్పు 12 లక్షలు, సరుకు అప్పు 3 లక్షలు ఉన్నాయని, ఇంటి ఖర్చు నెలకు 25,000 రూపాయలని అనుకుందాం. చిన్నకొడుకు సంపాదనకు వచ్చేదాకా పదేళ్లపాటు ఆ ఖర్చు గడవాలంటే 30 లక్షలు కావాలి. అప్పులతో కలిపితే 45 లక్షలు, పిల్లల పైచదువులు అదనం. ఈ అంకెలను ఏజెంటు చెప్పకూడదు, ఆయన చేతనే కాగితం మీద రాయించాలి. ఆ పక్కనే ఎప్పుడో తీసుకున్న 2 లక్షల పాలసీని కూడా రాస్తే, ఆ తరువాత ఏజెంటు వివరించవలసినది పెద్దగా మిగలదు. ఈ లెక్క వేసేటప్పుడు ఆయన భార్య కూడా పక్కన ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే ఇంటి ఖర్చు అసలు అంకె చాలా ఇళ్లలో ఆమెకే తెలుసు.

తెలంగాణ పల్లెల్లో "మాకు రైతు బీమా ఉంది కదా" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడడం తప్పు. అది ఇచ్చే 5 లక్షలు ఆ కుటుంబానికి నిజమైన ఆసరా. దానిని కూడా అదే కాగితం మీద తీసివేసి, 59 ఏళ్లు దాటాక ఆ రక్షణ ఉండదని గుర్తుచేసి, మిగిలిన లోటును చూపిస్తే సరిపోతుంది.

అపోహ: డబ్బు రెట్టింపవుతుందని చెబితే తప్ప జనం వినరు, టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే డబ్బు వచ్చేది) ఎవరికీ అక్కరలేదు.

వాస్తవం: 10 లక్షల ఎండోమెంట్ పాలసీకి (గడువు తీరాక బతికి ఉన్నా డబ్బు వచ్చేది) ఏడాదికి 50,000 చొప్పున 20 ఏళ్లు కడితే, వెయ్యికి 45 రూపాయల బోనస్ ప్రతి ఏటా వచ్చిందనుకున్నా చివరకు చేతికి వచ్చేది 19 లక్షలు. ఈ బోనస్‌ను బీమా మొత్తం మీదే లెక్కిస్తారు, బోనస్ మీద మళ్లీ బోనస్ రాదు, పైగా వచ్చే ఏడాది ఎంత ప్రకటిస్తారో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. వడ్డీగా చూస్తే ఇది ఏడాదికి 6 శాతానికి లోపే. క్రమశిక్షణతో పొదుపు చేయాలనుకునే వారికి ఈ పాలసీ తప్పేమీ కాదు. కానీ పాత 2 లక్షల పాలసీ పోగా దుకాణదారుడికి మిగిలే 43 లక్షల లోటు ఇలాంటి పాలసీతో పూడాలంటే ఆయన సంపాదనలో సగానికి పైగా ప్రీమియానికే పోవచ్చు, రెండో ఏడాదికే ప్రీమియం కట్టలేక అది ల్యాప్స్ అవుతుంది, అంటే ఆగిపోతుంది. ఆ లోటుకు టర్మ్ పాలసీ, పొదుపుకు ఆయన తట్టుకోగలిగినంత చిన్న ఎండోమెంట్ అని విడదీసి చెప్పినప్పుడు వినేవారు ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియాలపై జీఎస్టీ తొలగిపోవడంతో ఈ మాట చెప్పడం ఇంకా తేలికైంది.

అపోహ: మొదటి ప్రీమియంలో కొంత వెనక్కి ఇవ్వకపోతే పక్క ఏజెంటు ఎగరేసుకుపోతాడు.

వాస్తవం: పోవచ్చు, పోనివ్వండి. బీమా చట్టం 1938లోని 41వ సెక్షన్ ప్రకారం రిబేటు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నిషిద్ధం. జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. మొదటి ఏడాది తగ్గింపు చూసి చేరిన వ్యక్తి రెండో ఏడాది కూడా అదే అడుగుతాడు, అప్పటికి ఏజెంటు కమీషన్ ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది.

అపోహ: షుగర్, బీపీ అని రాస్తే ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) ఆగిపోతుంది, మూడేళ్లు గడిస్తే ఎవరూ అడగరు.

వాస్తవం: మా వృత్తికి ఎక్కువ చెడ్డపేరు తెచ్చినది ఈ సలహాయే. అదే బీమా చట్టంలో 2015లో సవరించిన 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల తరువాత పాలసీని ప్రశ్నించకూడదన్నది నిజమే. అయితే ఆ మూడేళ్లను పాలసీ జారీ తేదీ, రిస్క్ మొదలైన తేదీ, రివైవల్ (ఆగిన పాలసీ పునరుద్ధరణ) తేదీ, రైడర్ (అదనపు రక్షణ) చేర్చిన తేదీ, వీటిలో ఏది చివరిదైతే దాని నుంచి లెక్కించాలి. అంటే ఏడో ఏడాదిలో ల్యాప్స్ అయిన పాలసీని అప్పటి ఆరోగ్యం గురించి తప్పుడు ప్రకటన ఇచ్చి పునరుద్ధరిస్తే, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఈలోగా మరణం సంభవిస్తే ఆసుపత్రి కేస్‌షీటులో "ఐదేళ్లుగా షుగర్" అనే ఒక్క వాక్యం క్లెయిమును ఆపగలదు, ఆ రోజు ఆ ఇంటి గడపలో నిలబడవలసినది ఏజెంటే. నిజం రాస్తే చాలా సందర్భాలలో జరిగేది వైద్య పరీక్ష, కొంత అదనపు ప్రీమియం మాత్రమే. ప్రపోజల్‌లోని ఆరోగ్య ప్రశ్నావళిని పాలసీ తీసుకునే వ్యక్తికి తెలుగులో చదివి వినిపించి, వాడే మాత్రల చీటీ తెప్పించి చూసి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుని ఇంటికి వెళ్లి నింపే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

అపోహ: పన్ను ఆదా అంటే చాలు, మార్చిలో పాలసీలు వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: కొత్త పన్ను విధానంలో బీమా ప్రీమియానికి ఇచ్చే 80సి మినహాయింపు లేదు. ఉద్యోగి ఏ విధానం ఎంచుకున్నాడో అడగకుండా ఈ మాట ఎత్తకూడదు.

అపోహ: బాండు (పాలసీ పత్రం) ఇంటికి చేరితే ఏజెంటు పని అయిపోయినట్లే.

వాస్తవం: బాండును స్వయంగా తీసుకువెళ్లి, నచ్చకపోతే అందిన 30 రోజులలోగా వెనక్కి ఇవ్వవచ్చని మనమే చెప్పాలి. దీనివల్ల పాలసీలు పోతాయని భయపడేవారు ఉన్నారు కానీ, అర్థమై తీసుకున్నవారు సాధారణంగా వెనక్కి ఇవ్వరు. అదే సందర్భంలో నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్లే పడిందా, పుట్టిన తేదీ సరిగా ఉందా అని చూసి, వార్షిక ప్రీమియానికి 30 రోజులు, నెలవారీ ప్రీమియానికి 15 రోజులు గడువు ఉంటుందని నామినీకి కూడా వివరించి రావాలి.