బతుకమ్మ నాటి చంద్రుడు: కామిక్స్‌తో ఖగోళం, కొన్ని అపోహలు - వాస్తవాలు

హనుమకొండ చుట్టుపక్కల బడుల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలతో కామిక్స్ గీయిస్తూ ఖగోళ పాఠాలు చెబుతుంటాను. స్టాఫ్ రూముల్లో వినబడే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

అపోహ: కామిక్స్ టైంపాస్. పాఠం అయ్యాక పీరియడ్ మిగిలితే గీయించొచ్చు.

వాస్తవం: నేను పాఠానికి ముందే గీయిస్తాను. చంద్రకళల గురించి పరీక్షలో అడిగితే గైడులోని నాలుగు లైన్లు అప్పజెప్తారు, మార్కులూ పడతాయి. అదే బతుకమ్మ తొమ్మిది రోజులనూ తొమ్మిది గడుల్లో, పైన ఆకాశంతో సహా గీయమనండి. చాలామంది అన్నింట్లోనూ నిండు చందమామనే పెడతారు. ఎంగిలిపూల నాడు అమావాస్య కదా! నాలుగో రోజుకల్లా పొద్దుగూకాక పడమట సన్నటి నెలవంక కనిపిస్తుంది. సద్దుల నాటికి అష్టమి, సగం చంద్రుడు.

ఒక ఏడో తరగతి అమ్మాయి ఆ సగం చంద్రుడిని సరిగ్గానే వేసి, బుడగలో 'భూమి నీడ పడ్డది' అని రాసింది.

"పొద్దు ఏ దిక్కు మునిగిందమ్మా?"

"చెరువు దిక్కు సార్, పడమర."

"మరి భూమి నీడ ఎటు పడాలె?"

కాగితం మీద తూర్పు వైపు వేలు పెట్టింది. తను గీసిన చంద్రుడేమో దక్షిణాన ఉన్నాడు. "గా నీడ ఈడికెట్లొచ్చింది సార్?"

రాలేదు. చంద్రుడి మీద ఎండ పడిన సగంలో మనకు ఎంత కనిపిస్తే అదే కళ. భూమి నీడ తగిలేది పున్నమి నాడు, అదీ గ్రహణమైతేనే. మా దగ్గర రబ్బరుతో చెరపడం లేదు. సాయంత్రం ఆకాశం చూసొచ్చి, తప్పు గడి మీద కొత్త కాగితం అతికించాలి.

అపోహ: బొమ్మలు బాగా వేయడం రావాలి.

వాస్తవం: గుండ్రానికి గాజు చాలు. ఏ వైపు నలుపు పూయాలో తెలియాలి, అంతే. బొమ్మలొచ్చిన నేనే ఓసారి అందం కోసం నెలవంక కొమ్ముల మధ్య చుక్క పెట్టాను. జిరాక్సులు పంచాక ఒక పిల్లాడు "చంద్రుడికి బొక్క పడ్డదా సార్?" అన్నాడు. నిజమే, అక్కడున్నది ఖాళీ కాదు, చీకట్లో ఉన్న చంద్రుడే. వెనక చుక్క ఎలా కనిపిస్తుంది?

అపోహ: కామిక్‌లో దూరాలు చూపలేం.

వాస్తవం: ఒక్క గడిలో చూపలేం. భూమిని 1 సెంటీమీటరు వేస్తే చంద్రుడు పావు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, ఉండాల్సిన దూరం 30 సెంటీమీటర్లు. ఏ4 కాగితం పొడవు 29.7 మాత్రమే. అదే లెక్కన సూర్యుడు మీటరు పైన వెడల్పుతో దాదాపు 117 మీటర్ల దూరంలో, మా బడి గేటు దాటి రోడ్డు మీద ఉంటాడు.

ఇది విన్నాక ఇద్దరు పిల్లలు కాగితాలు అతికించి పొడవాటి కథ చేశారు. మొదటి గడిలో భూమి, రాకెట్. తర్వాత వరసగా ఖాళీ గడులే. మధ్యలో ఒక్క బుడగ: "ఇంకెంత దూరం రా?"